రెండు దీనారాల మిరియాలు

"ఏందిరా అబ్బయా, ఈ చెక్క పేళ్ళు చూసేదానికా అంత దూరం బోయింది?"

వీడియో కాల్‌లో మా అమ్మ అన్న మాట అది. విండోలాండా బయట బస్టాపులో, సన్నగా వాన పడుతుంటే, మ్యూజియం షాపులో కొన్న పోస్టుకార్డు ఫోనుకి దగ్గరగా పెట్టి చూపిస్తున్నాను. కార్డు మీద గోధుమ రంగు చెక్క ముక్క, దాని మీద కోడి గెలికినట్టు నల్ల గీతలు. "చూస్తే లండన్ పోయి ఆ కోహినూరన్నా చూడు, అది మన కొల్లూరు గనిలోదే గదా" అని సలహా కూడా పారేసింది. ఇంగ్లండ్ వచ్చిన ఈ ఆరేళ్ళలో ఆ సలహా కనీసం పదిమంది ఇచ్చుంటారు.

కోహినూరు కంటే ఈ చెక్క పేళ్ళు నాకెందుకు ఎక్కువో అమ్మకి ఆ పూట సరిగా చెప్పలేకపోయాను. ఇంతలో బస్సు వచ్చేసింది (బస్సు నంబరు ఏడీ 122, రోమన్ చక్రవర్తి హేడ్రియన్ ఉత్తర ఇంగ్లండ్‌లో కట్టించిన గోడ మొదలైన సంవత్సరం, ఆ నంబరు పెట్టాలని తోచినవాళ్ళకి ఒక నమస్కారం). చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

విండోలాండా ఆ గోడకి కాస్త దక్షిణాన ఉన్న రోమన్ సైనికుల కోట, గోడ కంటే పాతది. కోట పాతబడితే పడగొట్టి, మట్టీ పచ్చిక గడ్డలూ కప్పి, దాని మీదే ఇంకోటి కట్టేవాళ్ళు. అలా పొర మీద పొర పడి అడుగు పొరలకి గాలి అందలేదు. గాలి లేనిచోట కుళ్ళబెట్టే పురుగూ పుట్రా బతకదు. అందుకే అక్కడ 5000కి పైగా తోలు చెప్పులు దొరికాయి, మరుగుదొడ్డి మీద కూర్చునే చెక్క పలక కూడా దొరికింది. 1973 మార్చిలో రాబిన్ బర్లీ అనే ఆయన అక్కడ మురుగునీటి కాలవ కోసం తవ్విస్తుంటే తడి చెక్క పేళ్ళు బయటపడ్డాయి. ముందు వడ్రంగి చెత్త అనుకున్నారట. అతుక్కుపోయిన రెంటిని విడదీస్తే లోపల సిరా! గాలి తగిలేసరికి ఆ సిరా మాయమైపోవడం మొదలెట్టింది. న్యూకాజిల్ యూనివర్సిటీలో ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలు తీస్తే అక్షరాలు మళ్ళీ కనిపించాయి.

ఏముంది వాటిలో? యుద్ధ వ్యూహాలా, చక్రవర్తి ఫర్మానాలా? అబ్బే. ఒకడికి ఎవరో సాక్సులు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపారు. ఒక గుర్రపు దళం నాయకుడు "మావాళ్ళకి బీరు అయిపోయింది, పంపించండి" అని రాశాడు. ఇంకో పేడు మీద హాజరు పట్టీ ఉంది: దళం మొత్తం 752 మంది, అందులో 456 మంది వేరే చోట్ల డ్యూటీలో, కోటలో ఉన్నది 296. ఆ 296లో 31 మంది పనికి రాలేదు. 15 మందికి జబ్బు, 6గురికి గాయాలు, 10 మందికి కళ్ళకలక. కళ్ళకలక! ప్రపంచాన్ని గెలిచిన సైన్యం అని స్కూల్లో చదువుకున్నాం గదా, ఆ సైన్యం నల్ల కళ్ళద్దాలు కూడా లేని కాలంలో కళ్ళు పుసులు కట్టి, ఈ చలిలో, ఈ వానలో, మూల కూర్చుని కన్ను నలుపుకుంటున్న దృశ్యం నాకు ఏ పాఠ్యపుస్తకమూ చూపించలేదు.

అన్నిటికంటే పేరున్నది ఒక ఆహ్వానం. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఒక అధికారి భార్య, విండోలాండా అధికారి ఫ్లావియస్ సెరియాలిస్ భార్య లెపిడీనాకి రాసింది: సెప్టెంబరు 11న నా పుట్టినరోజు, నువ్వు వస్తేనే ఆ రోజు నాకు పండగ అని. ఉత్తరం మొత్తం గుమాస్తా చేత రాయించింది, ఒత్తుగా, పొందిగ్గా. చివర్లో మాత్రం కలం తను తీసుకుని, తడబడే చేత్తో రెండు ముక్కలు రాసింది. సోదరీ, నీకోసం చూస్తుంటాను, నా ప్రాణమా, ఉంటాను మరి, అని. ఆడమనిషి తన చేత్తో లాటిన్‌లో రాసినవాటిలో మనకి మిగిలినవన్నీ లెక్కేస్తే ఇది అన్నిటికంటే పాతవాటిలో ఒకటి. మా అమ్మమ్మ కూడా ఉత్తరం పక్కింటి టీచరు చేత రాయించి కింద తన పేరు మాత్రం తనే దిద్దేది. ఆ వాలిపోయిన అక్షరాలు చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది, అబద్ధం ఎందుకు.

నా వాదన ఇదీ. బ్రిటన్ గతం గురించి మాట్లాడమంటే అందరూ బంగారం దగ్గరికే పోతారు. సటన్ హూలో 1939లో ఓడతో సహా బయటపడ్డ శిరస్త్రాణం, 2009లో దొరికిన స్టాఫర్డ్‌షైర్ నిధి, లెస్టర్‌లో కారు పార్కింగ్ కింద దొరికిన మూడో రిచర్డ్ ఎముకలు. గొప్పవే, కాదనను. కానీ రాజుగారి సమాధిలో దొరికేది రాజుగారు, ఆయన మనుషులు లోకానికి చూపించాలనుకున్నది. ఒక రకంగా అది ఫ్లెక్సీ బ్యానర్. చెత్తగుంటలోది ఎవరూ చూపించాలనుకోనిది. కాబట్టే దాన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

లండన్ సంగతే చూడండి. నడిబొడ్డున బ్లూమ్‌బర్గ్ ఆఫీసు కట్టడానికి పునాదులు తీస్తుంటే 405 చెక్క పలకలు దొరికాయి. ఇవి మైనం పూసి పుల్లతో గీకే రకం. మైనం ఎప్పుడో పోయింది, కానీ గట్టిగా గీకిన చోట పుల్ల చెక్కలోకి దిగింది. ఆ గాట్లు చదివారు. ఒకదాని మీద తారీకు ఉంది, క్రీ.శ. 57 జనవరి 8. వెనుస్టస్ విడిపించిన బానిస టిబుల్లస్ అనేవాడు, కొన్న సరుకు తాలూకు 105 దీనారాలు గ్రాటస్ అనేవాడికి బాకీ ఉన్నానని ఒప్పుకుంటూ రాసిచ్చాడు. అంటే ప్రామిసరీ నోటు! ఆ మహానగరంలో తారీకుతో సహా దొరికిన మొట్టమొదటి కాగితం (చెక్క అనుకోండి) అప్పు పత్రం అన్నమాట. రోమన్లు బ్రిటన్ మీద పడింది 43లో. పద్నాలుగేళ్ళకే వ్యాపారులొచ్చారు, నోట్లు రాసుకున్నారు. ఇంకో మూడు నాలుగేళ్ళకి అక్కడి తెగ రాణి బౌడికా రోమన్ల మీద తిరగబడి ఆ ఊరిని తగలబెట్టింది, ఆ కాలిన ఎర్రమట్టి పొర ఇప్పటికీ లండన్ కింద తగులుతుంది. గ్రాటస్‌కి బాకీ వసూలైందో లేదో.

రాత లేని కాలానిదైనా ఇదే కథ. పీటర్‌బరో దగ్గర మస్ట్ ఫార్మ్ అనే చోట, క్రీ.పూ. 850 ప్రాంతంలో, నీళ్ళ మీద కర్రలు పాతి కట్టుకున్న ఇళ్ళు కట్టిన ఏడాదిలోపే కాలి బురదలో కూలిపోయాయి. కాలినవి కాలినట్టే ఉండిపోయాయి. ఒక గిన్నెలో గోధుమ జావలాంటిది, కలిపే గరిటె అందులోనే. పొయ్యి మీద నుంచి దించారో లేదో, మంట, పరుగు. ఆ ఇళ్ళలో దొరికిన గాజు పూసల్లో కొన్ని ఇరాన్ దాకా దూరం నుంచి వచ్చినవి. ఆ చిత్తడి పల్లె ఆడపిల్ల మెళ్ళో అంత దూరపు పూస ఏం చేస్తోంది?

ఇక్కడ పేపర్లలో ఏడాదికి రెండుసార్లు రగిలే గొడవ గురించి కూడా చెప్పాలి. అసలు బ్రిటన్ మనుషులెవరు, బయటివాళ్ళెవరు అని. ఈ గొడవ వచ్చినప్పుడల్లా నాకు మెట్రో ఎక్కి సౌత్ షీల్డ్స్ వెళ్ళి ఒక సమాధి రాయి చూడాలనిపిస్తుంది. రెజీనా అనే ఆవిడది. ఇంగ్లండ్ దక్షిణాన సెయింట్ ఆల్బన్స్ చుట్టుపక్కల తెగ పిల్ల, 30 ఏళ్ళకి పోయింది. కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో దారం వడికే కదురు, పక్కన ఉన్ని బుట్ట, మొహం మాత్రం ఎవరో పగలగొట్టారు. రాయి పెట్టించింది భర్త బారతేస్, ఎక్కడో సిరియాలో పల్మైరా ఊరివాడు. లాటిన్‌లో చెప్పాల్సింది చెప్పించి, కింద తన సొంత భాషలో ఒక్క వరుస చెక్కించాడు: రెజీనా, బారతేస్ విడిపించిన మనిషి, అయ్యో. ఆ చివరి మాటని ఇంగ్లీషులోకి ఎలా మార్చినా ఎండిపోతుంది, మనకి మాత్రం సరిగ్గా అదే మాట ఉంది. అలాగని దీన్ని అందమైన ప్రేమకథ చేసేయకండి. విడిపించాడంటే అంతకుముందు ఆమె అతని బానిస. ఇక్కడిపిల్లే ఇక్కడ బానిస, సిరియావాడు యజమాని. చరిత్ర మన ఇష్టాయిష్టాలకి తగ్గట్టు కూర్చోదు.

విండోలాండాలో కాపలా కాసింది కూడా ఇటలీ వాళ్ళు కాదు, ఇప్పటి నెదర్లాండ్స్, బెల్జియం వైపు తెగలవాళ్ళు. నిన్నగాక మొన్న రోమ్‌కి లొంగినవాళ్ళే, కానీ ఒక పేడు మీద స్థానికులని "బ్రిట్టున్‌కులి" అని రాశారు. తెలుగులో "బ్రిటన్‌గాళ్ళు" అంటే ఎంత చులకనో అంత చులకన. మనవైపు తెల్లదొరలు మనల్ని అన్న మాటలు గుర్తొచ్చి నేను మ్యూజియంలో కొంచెం గట్టిగానే నవ్వాను, పక్కనున్న పెద్దాయన కూడా నవ్వాడు, ఎందుకు నవ్వాడో మరి.

ఇంకా వెనక్కి పోతే స్టోన్‌హెంజ్, దక్షిణ ఇంగ్లండ్‌లో నిలబెట్టిన ఆ పెద్ద రాళ్ళ వలయం. మధ్యలో పడి ఉన్న 6 టన్నుల బలిపీఠం రాయి వేల్స్ నుంచి తెచ్చారని వందేళ్ళుగా అనుకుంటూ వచ్చారు. 2024లో రాతిలోని ఖనిజాల వయసు లెక్కగట్టి, అది స్కాట్లండ్ ఈశాన్యపు కొస నుంచి, సుమారు 750 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిందని తేల్చారు. ఆ రాళ్ళకి దగ్గర్లోనే 2002లో బయటపడ్డ ఒక విలుకాడి అస్థిపంజరం ఉంది, క్రీ.పూ. 2300 నాటిది. పళ్ళ ఎనామిల్ పరీక్ష చేస్తే పెరిగింది ఆల్ప్స్ పర్వతాల వైపు అని తేలింది. అతనితో పాతిపెట్టిన జుట్టు నగలు బ్రిటన్‌లో దొరికిన మొదటి బంగారంలో చేరతాయి. మోకాలు దెబ్బతిని కుంటుతూ నడిచిన మనిషి, సముద్రం దాటి వచ్చాడు!

నా పక్షం వాళ్ళకి కూడా ఒక మాట అంటించాలి, లేకపోతే న్యాయం కాదు. ఈస్ట్‌బోర్న్ టౌన్ హాల్ నేలమాళిగలో 2012లో ఒక పెట్టెలో దొరికిన రోమన్ కాలపు యువతి ఎముకలు చూసి, పుర్రె ఆకారాన్ని బట్టి ఆఫ్రికా మనిషి అన్నారు. బ్రిటన్‌లో తెలిసిన తొలి నల్లజాతి స్త్రీ అని ఫలకం కూడా పెట్టారు. తర్వాత డీఎన్ఏ పద్ధతులు మెరుగుపడి మళ్ళీ చూస్తే ఆమె దక్షిణ ఇంగ్లండ్ పిల్లే. వలస వచ్చినవాడిగా నాకు మొదటి కథే నచ్చింది, ఒప్పుకుంటాను. నచ్చడానికీ నిజానికీ సంబంధం లేదు. అయితే యార్క్‌లో 1901లో దొరికిన దంతపు గాజుల స్త్రీ సంగతి వేరు. ఆమె ఎముకలూ పళ్ళూ పరీక్షించినవాళ్ళు ఉత్తర ఆఫ్రికా మూలాలే సూచిస్తున్నారు. ఒక ఎముక మాట ఇంకో ఎముకకి చెల్లదు. ఒక్కొక్కర్నీ విడిగా అడగాల్సిందే.

సరే, అమ్మకి చూపించిన పోస్టుకార్డు దగ్గరికి వస్తాను. విండోలాండా పద్దుల్లో ఒక వరుస ఉంది: టప్పో కొడుకు గాంబాక్స్, మిరియాలు, 2 దీనారాలు. (మన పాత పద్యాల్లో వినపడే దీనార టంకాల్లోని దీనారం ఈ రోమన్ డెనారియస్సే, ఓడెక్కి వచ్చి మన భాషలో ఉండిపోయింది.) ఆ రోజుల్లో నల్ల మిరియాలు కాసే చోటు కేరళ తీరం. అక్కడి నుంచి ఎర్ర సముద్రం మీదుగా ఈజిప్టు రేవుకి, అక్కడి నుంచి ఒంటెల మీద నైలు నదికి, అలెగ్జాండ్రియా, రోమ్, చివరికి ఈ చలి కొండకి. ఈజిప్టులో బెరెనికే అనే రేవులో గుడి ఆవరణలో మన దేశపు జాడీ ఒకటి బయటపడింది, అందులో ఏడున్నర కిలోల మిరియాలు. గాంబాక్స్ అనేవాడు పేరుని బట్టి ఏ చక్రవర్తో కాదు, ఒట్టి సిపాయి. కళ్ళకలక బ్యాచ్‌లో వాడూ ఉన్నాడేమో. మిరపకాయ మన ఊళ్ళకే ఇంకా రాని రోజుల్లో వాడి కూడులో మన దక్షిణాది కారం ఉంది. ఇది చెప్తే మా అమ్మ మొదటిసారి "ఆఁ?" అంది.

ఈ మిరియాల దారి పట్టుకునే నేను బంగారం దగ్గరికి కూడా వస్తాను, నా షరతు మీద. 1992 నవంబరు 16న సఫోక్‌లో హాక్స్‌న్ అనే ఊళ్ళో ఒక రైతు సుత్తి పొలంలో ఎక్కడో పడిపోయింది. రిటైరైన స్నేహితుడు ఎరిక్ లాస్ మెటల్ డిటెక్టర్ పట్టుకుని వెతకడానికి వెళ్ళాడు. సుత్తికి బదులు వెండి చెంచాలు, బంగారు నగలు, నాణేలు తగిలాయి. కొంచెం తీశాడు. తర్వాత, ఇక్కడే నేను ఆగిపోతాను, తవ్వడం ఆపేశాడు. ఆపి కబురు పెట్టాడు. మర్నాడు పురావస్తు శాఖ వాళ్ళు వచ్చి మొత్తాన్ని పొర పొరగా తీశారు. దాదాపు 15,000 నాణేలు, 200 దాకా వెండి బంగారు వస్తువులు. అతను ఆపబట్టి తెలిసింది ఏమిటంటే, అదంతా ఒక చెక్క పెట్టెలో సర్దారు, లోపల చిన్న పెట్టెలకి వెండి తాళాలు, వెండి సామాను గీసుకోకుండా మధ్యన గడ్డి కుక్కారు. అంటే కంగారుగా విసిరి పారిపోలేదు. తిరిగొస్తాం అనుకుని ఇంటి ఆడవాళ్ళు పట్టుచీరలు సర్దినట్టు సర్దారు. నాణేలు 407 దాకా నడుస్తాయి, సరిగ్గా రోమ్ చేతులెత్తేస్తున్న రోజులు. వెండి నాణేల అంచులు కత్తిరించి ఉన్నాయి, చక్రవర్తి మొహానికి మాత్రం దెబ్బ తగలకుండా. కొత్త డబ్బు రావడం ఆగిపోతే ఉన్న డబ్బుని గోకి ఇంకో నాణెం చేసుకున్నారు. ఒక సామ్రాజ్యం కూలడం అంటే ఏమిటో ఆ కత్తిరించిన అంచు చెప్పినంత బాగా నాకెవరూ చెప్పలేదు.

ఆ పెట్టెలో నాలుగు మిరియాల డబ్బాలు కూడా ఉన్నాయి! ఒకటి రాచస్త్రీ ఆకారంలో, లోపల డొల్ల, అడుగున తిరిగే బిళ్ళ. ఒకవైపు తిప్పితే నింపుకోవచ్చు, ఇంకోవైపు తిప్పితే పొడి రాలుతుంది, మూడోవైపు మూసుకుంటుంది. గాంబాక్స్ నాటి నుంచి ఇక్కడికి మూడొందల ఏళ్ళు. దేశం చేజారిపోతున్నా బల్ల మీద మిరియాల పొడి ఉండాలి. లాస్‌కి 17 లక్షల 50 వేల పౌండ్లు వచ్చాయి, అందులో రైతుకి వాటా ఇచ్చాడు. సుత్తి కూడా దొరికింది, దాన్ని కూడా బ్రిటిష్ మ్యూజియంలో పెట్టారు.

ఇక్కడివాళ్ళందరూ హరిశ్చంద్రులని అనుకోకండి. 2015లో లెమ్‌స్టర్ దగ్గర ఇద్దరు వైకింగుల కాలపు నిధి తవ్వి, ఎవరికీ చెప్పకుండా అమ్మేసుకున్నారు. సుమారు 300 నాణేలు ఉండొచ్చని అంచనా, పోలీసులు పట్టుకోగలిగింది 30 చిల్లర. ఇద్దరూ జైలుకి పోయారు. దొరికిన కొద్దిపాటి నాణేల మీద అప్పటి ఇంగ్లండ్‌లోని రెండు రాజ్యాల రాజులు, వెసెక్స్ ఆల్ఫ్రెడ్, మెర్సియా చెయోల్‌వుల్ఫ్ తరపున ఒకే రకం బొమ్మ, ఇద్దరు చక్రవర్తులు పక్కపక్కన కూర్చున్నట్టు. ఆల్ఫ్రెడ్ పక్షం రాసుకున్న చరిత్రలో ఆ చెయోల్‌వుల్ఫ్ వైకింగుల చేతి బొమ్మ, పనికిమాలినవాడు. నాణేలేమో ఇద్దరూ పొత్తులో ఉన్నారంటున్నాయి. గెలిచినవాడు స్నేహితుడి పేరు కొట్టేశాడన్నమాట. ఇంకా ఏమేం కొట్టేశాడో ఆ మిగతా 270లో ఉందేమో.

మనిషి నిజం చెప్పడానికి కడుపు మాడకుండా ఉండాలి, అది నా అభిప్రాయం. ఇంగ్లండ్‌లో 1996 చట్టం ప్రకారం నిధి మ్యూజియానికి పోతే మార్కెట్ ధర కట్టి ఇస్తారు, దొరికినవాడూ భూమి యజమానీ పంచుకుంటారు. అదే ఆంగ్లేయులు 1878లో మనకి రాసిచ్చిన చట్టంలో సర్కారు తీసుకుంటే లోహం ఖరీదు, దాని మీద అయిదో వంతు. అంటే హాక్స్‌న్ రాచస్త్రీని తూకం వేసి వెండి రేటు ఇస్తారన్నమాట. ఇక ఎవడు చెప్తాడు? లంకె బిందెలు దొరికితే రాత్రికి రాత్రే కంసాలి కొట్టుకి, లేదంటే గుప్త నిధులంటూ పాత గుళ్ళో నంది కింద గునపం.

మా నెల్లూరులోనే జరిగింది. 1780లలో మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఉత్తరంలో రాశాడు. నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళ గుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ముంత, ముంతలో రోమన్ బంగారు నాణేలు. రైతు పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. అమీరుల్ ఉమరా అనే నవాబు ముప్పైకి పైగా వెనక్కి రాబట్టాడు. ట్రేజన్‌వి ఉన్నాయి, విండోలాండా ఉత్తరాల కాలపు చక్రవర్తి అతనే. గవర్నరు తనకి రెండు ఏరుకున్నాడు, ఒకటి ఫౌస్టీనా రాణిది, రెండోది హేడ్రియన్‌ది. కొన్ని నిన్ననే అచ్చువేసినట్టు మెరుస్తున్నాయట. కొన్ని బాగా అరిగి, చిల్లులు పడి ఉన్నాయి, ఒంటి మీద నగలుగా వేసుకుని ఉంటారని రాశాడు.

ఇంటికొచ్చాక ఇదంతా అమ్మకి ఫోన్‌లో చదివి చెప్పాను. చిల్లులు అనగానే అందుకుంది. "కాసుల పేరు. గుడికి ఇచ్చుంటారు, మొక్కుకోని."

నాకు తట్టని సంగతి అది.

"ఆ గుట్ట ఏదంటరా?"

"రాళ్ళ గుట్ట అని మాత్రం రాశాడమ్మా."

"ఉదయగిరి పక్క పోతే రాళ్ళ గుట్ట కానిది ఏదిరా," అంది అమ్మ.